తొంభై డిగ్రీల జీవరత్నం

ఆ శనివారం ఉదయం జీవరత్నం వేసుకున్న ప్లాను చాలా చిన్నది: టీ వచ్చేలోగా కోడ్ కాస్త నునుపు చేయడం, పదింటికల్లా పెళ్లి దారిబోర్డులు ప్రింటుకి పంపడం.

అతను బీయస్సీ మూడుసార్లు తప్పాడు. డిగ్రీ లేనివాడు డిగ్రీలు తిప్పడమేమిటని చుట్టాలంతా నవ్వారు. విజయవాడలో బోర్డుల కంపెనీ నడిపే సీతారావమ్మగారు మాత్రం నవ్వకుండా కొలువిచ్చి, బొమ్మల్ని జరిపే, సాగదీసే, తిప్పే సాఫ్ట్‌వేర్ లైబ్రరీని అతని చేతిలో పెట్టింది.

"ఈ ఆర్డర్ సవ్యంగా వెళ్తే పర్మినెంట్ చేస్తానయ్యా. లేకపోతే మా పార్టనర్లు నీ డిగ్రీ ఏదంటారు. నేనేం చూపించను?" అంది.

తిప్పే కోడ్‌లో ఒక మైనస్ గుర్తు దిష్టిచుక్కలా కనిపించింది. దండగనుకుని జీవరత్నం చెరిపేశాడు. బాణాన్ని సున్నా డిగ్రీలు తిప్పాడు, పైకే చూసింది. నూట ఎనభై తిప్పాడు. బుద్ధిగా కిందికి చూసింది. తొంభై తిప్పబోతుంటే టీ వచ్చింది; ఆ పరీక్ష అలాగే మిగిలిపోయి, బోర్డులు ప్రింటుకి పోయాయి. సవ్యదిశని సవ్యంగా ఉంచుతున్నది ఆ దిష్టిచుక్కే. అది పోయాక కుడికి తిరగాల్సిన బాణం ఎడమకి, ఎడమకి తిరగాల్సింది కుడికి తిరిగింది. మధ్యాహ్నానికి బోర్డులు కంకిపాడు సెంటర్లో నిలబడ్డాయి.

మూడున్నరకి ఫోన్. పెళ్లికూతురు క్రిస్టినా తండ్రి సంజీవరావు.

"ఏం తిప్పారండీ బాబూ! ఇక్కడ పెళ్లికూతురుంది, కేకుంది, బ్యాండుంది. పెళ్లికొడుకే లేడు! మగపెళ్లివారి ఇబ్రహీంపట్నం బస్సు కుడికి రావాల్సింది, మీ బాణం చూసి ఎడమకి పోయిందంట!"

"పెళ్లి చేసే ఫాదర్‌గారొచ్చారా అండీ?"

"చల్లపల్లి నుంచి కార్లో బయల్దేరారు. ఆయన ఎడమకి రావాలి, మీ బాణం కుడి చూపించిందంట!"

తప్పయినా రెండువైపుల నుంచి వచ్చినవాళ్లకీ ఒకే చోటికి దారి చూపిన నిక్కచ్చి తప్పు. జీవరత్నం స్కూటర్ మీద దూకి, తన బాణాల వెంటే తను పోయాడు.

బాణాలు చూపిన దారి ఒక స్కూలు దగ్గర ఆగింది. గేటుకి రక్తదాన శిబిరం బ్యానరు. లోపల బల్లల మీద దుప్పట్లు, దుప్పట్ల మీద పట్టుబట్టల మగపెళ్లివారు. మొదటి బల్ల మీద చల్లపల్లి ఫాదర్‌గారు, చొక్కా చెయ్యి పైకి మడిచి.

పెళ్లికొడుకు జయపాల్ తల్లి శౌరమ్మ జీవరత్నం చేతిలో బోర్డుల బిల్లు చూసి పట్టేసింది. "ఆ బాణాలు నువ్వేనా తిప్పింది? ఎక్కడ పని?"

"లైబ్రరీలోనండీ..."

"మరి పేజీలు తిప్పక పెళ్లివారిని తిప్పావేందయ్యా! వీళ్లేమో 'రక్తం ఇచ్చేవాళ్లు ఇటు రండి' అంటున్నారు. మేం వెంట తెచ్చుకున్న బ్యాండ్ మోతలో రక్తసంబంధీకులని వినపడింది. విడిదనుకుని దిగాం, బత్తాయి రసం తాగాం. తర్వాత సంగతి తెలిసింది."

"మరి వెళ్లిపోలేదా అండీ?"

"ఫాదర్‌గారే చెయ్యి చాపాక మేం ముడుచుకుంటే బాగుంటదా? అత్తలు రక్తం తాగుతారంటారుగా, ఈ అత్త ఇచ్చొస్తోందని మా కోడలికి చెప్పు!"

జీవరత్నం చేతులు జోడించాడు. "నాదే తప్పండీ. ఒక్క మైనస్ చెరిపేశాను."

"చెరిపి మంచిపని చేశారు," అంది శిబిరం నడుపుతున్న డాక్టర్ సాజిదా, కళ్లద్దాలు తుడుచుకుంటూ. "పొద్దుట్నుంచి ఒక్కరూ రాలేదండీ. ఇవాళ కూడా ఖాళీగా పోతే శిబిరమే ఎత్తేస్తామన్నారు. నెల తిరిగేసరికి రక్తం ఎక్కించాల్సిన పిల్లలు నా దగ్గర పదకొండు మంది ఉన్నారు. ఇప్పుడు నలభై సీసాలు! మీ రుణం తీరేది కాదు."

తిట్లు తినడానికి వచ్చిన మనిషికి కృతజ్ఞత ఎలా మింగాలో తెలియలేదు. చొక్కా చెయ్యి పైకి మడిచి, నలభై ఒకటో వాడుగా పడుకున్నాడు. పెళ్లి గంటన్నర ఆలస్యంగా, బ్రహ్మాండంగా జరిగింది.

సోమవారం అతను రాజీనామా రాసుకుని వెళ్లేసరికి సీతారావమ్మగారి బల్ల మీద శౌరమ్మ పంపిన బందరు లడ్డూలు, సాజిదా రాసిన ఉత్తరం ఉన్నాయి. ఆ ఉత్తరం పార్టనర్లంతా రెండేసి సార్లు చదివారట.

"ముందు ఆ మైనస్ పెట్టేసి రావయ్యా," అందావిడ. అతను పెట్టి, ఈసారి తొంభై కూడా తిప్పి చూసి వచ్చాడు. వచ్చేసరికి పర్మినెంట్ కాగితం సిద్ధంగా ఉంది. చదువుతుంటే అతని కళ్లు చెమర్చాయి.

విద్యార్హత అన్నచోట ఆవిడ స్వహస్తాలతో రాసింది: "తొంభై డిగ్రీలు, అపసవ్యం."