పోపు పెట్టని ఇల్లు

ఆ ఆదివారం పొద్దున సోమలింగం వేసుకున్న పథకం చాలా చిన్నది. సందు చివరి బండి దగ్గర ఆవిరి మీద ఉడికించిన వేడివేడి శనగపిండి లోచో తినాలి, క్షవరం చేయించుకోవాలి, వచ్చి మధ్యాహ్నం దాకా పడుకోవాలి. గుజరాత్‌కు వలస వచ్చి, ఖటోదరాలో మరమగ్గాల మేస్త్రీగా వారమంతా ఆ మోతకు చెవులు అప్పగించిన మనిషికి ఇంతకు మించిన కోరికలు ఉండవు. బండివాడు లోచో మీద సన్న కారప్పూస చల్లుతుండగా ఫోను మోగింది. డాక్టర్ భరద్వాజ్.

ఆ పేరు చూడగానే సోమలింగం ప్లేటు పక్కన పెట్టేసి బుద్ధిగా నిలబడ్డాడు. రెండేళ్ల కిందట మగ్గం బెల్టులో పడి అతని కుడిచేతి వేళ్లు రెండు వేలాడిపోతే, గంటలకొద్దీ కూర్చుని వాటిని కుట్టి నిలబెట్టిన మహానుభావుడు ఆయన. ఆ వేళ్లతోనే సోమలింగం ఇప్పటికీ తెగిన పోగులు ముడివేస్తున్నాడు. డాక్టరుగారు తనను ఏదైనా అడగాలని, అది తాను చేసిపెట్టాలని అతని కోరిక. ఆయన ఇంతవరకు ఏమీ అడగలేదు.

ఇవాళ అడిగాడు. అడగడమే కాదు, సోమలింగం ఉండే భేస్తాన్‌లోని ఇరుకు సందులోకి తనే కారు నడుపుకుంటూ వచ్చాడు. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఒక తువ్వాలు మూట పట్టుకొచ్చి, తలుపు వేయమని సైగ చేసి, మెల్లగా విప్పాడు. లోపల నల్లటి సీసా.

"వైన్. మా ప్రొఫెసర్‌గారు రిటైరయ్యేటప్పుడు ఇచ్చారు. పదేళ్లుగా కాపాడుతున్నాను. వచ్చే ఆదివారం మా పెళ్లిరోజు. ఆ రోజు నీరజా, నేనూ తెరుద్దామనుకున్నాం. ఇంతలో మా అత్తగారు చెప్పాపెట్టకుండా దిగారు. మందు ఉన్న ఇంట్లో ఆవిడ మంచినీళ్లు కూడా ముట్టదు. పైగా ఈశాన్యం అని చెప్పి, ఇది దాచిన స్టోర్ రూమ్‌లోనే దేవుణ్ణి పెట్టింది."

సోమలింగం సీసాను చూశాడు. పదేళ్లు! తను పెట్టిన మామిడికాయ పచ్చడి కూడా ఏడాది దాటి నిలవలేదు. గుజరాత్‌లో మందు సీసా దగ్గర పెట్టుకోవాలంటే పర్మిట్ ఉండాలి. డాక్టరుకు పర్మిట్ ఉంది. సోమలింగానికి రేషన్ కార్డు ఉంది.

"ఈ వారం మీ దగ్గర ఉంచగలరా?"

"సార్, మీరు పాణమడిగినా ఇస్త. ఎట్ల పెట్టాల్నో చెప్పుర్రి."

డాక్టరు చెబుతుంటే ఆయన గొంతు గుళ్లో మాట్లాడినట్టు తగ్గిపోయింది. సీసా పడుకునే ఉండాలి, బిరడా తడారకూడదు. వెలుతురు తగలకూడదు. గది చల్లగా, కాస్త తేమగా ఉండాలి. ఫ్రిజ్ పనికిరాదు. అదురు అసలే పనికిరాదు. ఘాటైన వాసనలు దగ్గరికి రానివ్వకూడదు. "ఇది చచ్చిన వస్తువు కాదు సోమలింగం గారూ, లోపల బతికే ఉంటుంది. ఊపిరి తీస్తుంటుంది," అన్నాడు చివర్లో. ఆ మాటతో సోమలింగం రెండు చేతులూ జోడించాడు.

డాక్టరు వెళ్లగానే పని మొదలైంది. కూతురు సింధూజ వడోదరా హాస్టల్లో చదువుకుంటోంది కనుక ఆమె గది ఖాళీగానే ఉంది. కిటికీకి దుప్పట్లు కట్టారు. మంచం మీద మిల్లులో మిగిలిన దారపు చిక్కులన్నీ మెత్తగా పరిచి, సీసాను పడుకోబెట్టి, తడిబట్ట కప్పారు. నేల మీద తడి గోనెసంచులు పరిచి, పక్కన కూలర్ పెట్టారు. ఇక వాసనల సంగతి మిగిలింది.

"పోపు గిట్ట పెట్టకు," అన్నాడు సోమలింగం.

"పోపు లేని పప్పు ఎట్ల తింటవయ్యా?" అంది భార్య పద్మారాణి.

"డాక్టర్ సాబ్ కోసం తింట."

అదురు మాత్రం చేతిలో లేదు. గోడకు అవతలే పక్కింటి మార్కండేయ షెడ్డు. అందులో మగ్గాలు ఆడుతుంటే ఈ ఇంట్లో గిన్నెలు వాటంతటవే జరుగుతుంటాయి. సోమలింగం వెళ్లి, "తమ్మీ, గోడవతల ఉన్న రెండు సాంచెలు ఈ వారం జర బందు పెట్టరాదు?" అని అడిగాడు. ఎందుకని అడిగితే, "ఇంట్ల... జర నిమ్మలంగ ఉండాలె," అని నీళ్లు నమిలి వచ్చేశాడు. మగ్గాల మేస్త్రీ వచ్చి మగ్గాలు ఆపమన్నాడు! మార్కండేయకు ఆ రాత్రి అన్నం సహించలేదు. పొద్దున్నే బాలవ్వకు చెప్పాడు.

బాలవ్వది సిరిసిల్ల. సందులో ఎవరికి ఏం వచ్చినా, ఏం పోయినా ముందు తెలిసేది ఆమెకే. వచ్చి గుమ్మంలో నిలబడింది. చీకటి గది, తడిబట్టలు, మూసిన తలుపు చూసింది. గాలి పీల్చింది. పోపు వాసన లేదు.

"లోపల ఎవలున్నరే పద్మా? సింధూజ వచ్చిందా?"

పద్మారాణికి అబద్ధం చెప్పడం రాదు, నిజం చెప్పడానికి లేదు. తల దించుకుంది.

బాలవ్వ చేతులు చెంపలకు వెళ్లాయి. "అమ్మ పోసిందా బిడ్డా?"

పద్మారాణి తల ఇంకా దిగింది. మన ఇళ్లల్లో పిల్లకు ఒంటి మీద పొక్కులు లేస్తే అది జబ్బు కాదు, అమ్మవారు రావడం. గది చీకటి చేస్తారు, చల్లగా ఉంచుతారు, పోపు ఆపేస్తారు, అలికిడి కానివ్వరు. డాక్టరు చెప్పిన నియమాలన్నీ బాలవ్వకు పుట్టినప్పటి నుంచి తెలిసినవే. లోపల ఉన్నది అమ్మవారేనని అలా తేలిపోయింది.

గంటలో గుమ్మానికి వేపమండలు వచ్చాయి. మార్కండేయ రెండు కాదు, మగ్గాలన్నీ ఆపేశాడు. అది చూసి ఎదురు షెడ్డు ఆగింది, తర్వాత దాని పక్కది. మధ్యాహ్నానికి సందు సందంతా నిశ్శబ్దం. దీపావళికి తప్ప ఆగని చోటు అది. జనం వాకిళ్లలోకి వచ్చి నిలబడ్డారు. ఎవరింట్లోనో కుళాయి చుక్క పడుతుంటే వినిపించింది. ఆ సందులో పుట్టిన పిల్లలు అంతటి నిశ్శబ్దాన్ని ఎన్నడూ ఎరగరు, భయపడి తల్లుల కొంగులు పట్టుకున్నారు. సోమలింగానికి కూడా గుండె నిండిపోయింది. సీసా కోసం అడిగాడు గాని, ఇంత వస్తుందని అనుకోలేదు. నిజం చెబితే డాక్టరుగారి పరువు పోతుంది, తను జైలుకు పోతాడు. నోరు మూసుకున్నాడు.

ఆదివారం వచ్చింది. అమ్మను సాగనంపాలని బాలవ్వ నిర్ణయించింది. పసుపు నీళ్లు, పెరుగన్నం, నిమ్మకాయలు అన్నీ సిద్ధం. అమ్మవారి ముందు ధారగా సాక పోయడానికి కల్లు మాత్రం లేదు. "కల్లు లేని రాజ్యంల ఉంటిమి. తల్లికి ఏం పోద్దునే!" అని ఆమె కళ్లు తుడుచుకుంది. ఏదైతే అదయిందని, పిల్లను ఒకసారి చూసి వస్తానని తలుపు తోసింది. పద్మారాణి అడ్డుపడేలోపే లోపలికి వెళ్లి, మంచం మీది తడిబట్ట ఎత్తింది.

బాలవ్వ సీసాను రెండు చేతుల మీద పెట్టుకుని, ఒక్కో అడుగూ వేస్తూ బయటికి వచ్చింది.

"పిల్ల లేదు. తల్లి తన సాక తానే తెచ్చుకున్నది!"

సందంతా ఒక్కసారిగా మోకాళ్ల మీద పడింది. "మరి సింధూజ?" అని ఎవరో అడిగితే, "హాస్టల్‌ల మంచిగున్నది," అన్నాడు సోమలింగం. ఆ వారంలో అతను చెప్పిన నిజం ఇదొక్కటే. దానితో ఉన్న కాస్త అనుమానమూ పోయింది. మార్కండేయ స్క్రూడ్రైవర్‌తో బిరడాను లోపలికి నెట్టాడు. "ఆగుర్రి!" అనబోయాడు సోమలింగం. అప్పుడే సందులోకి డాక్టరు కారు వచ్చింది.

డాక్టరుగారింట్లో వంట చేసే నవత ఉండేది ఈ సందులోనే. ఆమె నోటి వెంట సంగతి విన్న అత్తగారు ఉషాదేవి, అమ్మవారిని చూడందే కాఫీ ముట్టనని కూర్చుంది. ఆవిడను దింపినట్టూ ఉంటుంది, గుట్టుగా సీసా తెచ్చుకున్నట్టూ ఉంటుందని భరద్వాజ్ బయలుదేరాడు. కారు దిగేసరికి అతని పదేళ్ల తపస్సు కుంకుమరంగులో గడప మీద ధారగా పడుతోంది. డాక్టరూ సోమలింగమూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరిలో ఎవరికీ నోరెత్తే వీలు లేదు.

"తీర్థం తీసుకో తల్లీ," అంది బాలవ్వ.

ఉషాదేవి చెప్పులు విడిచి, చేయి కడుక్కుని, కళ్లు మూసుకుని పుచ్చుకుంది. కళ్లు తెరవడానికి కొంత సమయం పట్టింది. "అబ్బ! ఏం సువాసన! ఏం రుచి! తీర్థం మూడుసార్లు పుచ్చుకోవాలి కదూ?" అని మళ్లీ చేయి చాపింది. మూడైన తర్వాత, లెక్క తప్పానేమోనని ఇంకోసారి చాపింది. ఆ తర్వాత అరుగు మీద కూర్చుని, "అల్లుడూ, నీ మనసు వెన్న. నేనే ఎప్పుడూ చెప్పలేదు," అంది. పెళ్లయి ఇన్నేళ్లలో ఆవిడ నోట అటువంటి మాట రావడం అదే మొదలు.

సందులో తలా ఒక చుక్క అందాక, అడుగున మిగిలినది డాక్టరు అరచేతిలో పడింది, అరచెంచా ఉంటుందేమో. నాలుక మీద పెట్టుకుని అతను కదలకుండా నిలబడిపోయాడు. పండు, మట్టి, వాన, ఇంకా పేరు తెలియనివేవో ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "చూసిన్రా, డాక్టర్ సాబుకు సుత కండ్లల్ల నీళ్లు!" అంది బాలవ్వ గర్వంగా.

సోమలింగం ఆయనను పక్కకు తీసుకువెళ్లి ఏడ్చేశాడు. "సార్, మీరు నిలబెట్టిన చెయ్యి ఇది. దీనితోటి ఒక్క సీస కాపాడకపోతిని."

"కాపాడారు. చెడకుండా దాచమన్నాను, ఒక్క గుణం కూడా చెడలేదు," అన్నాడు డాక్టరు, అరచేతిని ఇంకా చూసుకుంటూ. "మేమైతే దొంగల్లా తలుపులేసుకుని తాగేవాళ్లం. ఇంతమంది చెప్పులు విప్పి, మోకాళ్ల మీద కూర్చుని తాగిన వైన్ ఈ లోకంలో ఇంకెక్కడా ఉండదు."

సోమలింగం ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు. మర్నాడు సందులో మగ్గాలు మొదలయ్యాయి, గిన్నెలు మళ్లీ వాటంతటవే జరిగాయి. పద్మారాణి ఆబగా పప్పు ఉడికించి, నూనె కాచి, ఆవాలు గరిటెలోకి తీసుకుంటుండగా ఫోను మోగింది.

"సోమలింగం గారూ, మా అత్తగారు టికెట్టు రద్దు చేసుకున్నారు. అమ్మవారు మళ్లీ ఎప్పుడు వస్తారని పొద్దుటి నుంచి ప్రాణం తీస్తున్నారు," అన్నాడు డాక్టరు. తర్వాత గొంతు తగ్గించాడు. "నా దగ్గర ఇంకొకటి ఉంది."

సోమలింగం బుద్ధిగా లేచి నిలబడి, వంటింటి వైపు తిరిగి, స్టవ్ కట్టేయమన్నాడు.