తాతలనాటి మారకపు రేటు

ఒక పెద్ద అడవిలో పరువును కూడా గింజల్లోనే లెక్కపెట్టేవారు. ఏటికి ఇవతల చింతగింజ చెల్లేది, అవతల గురివింద గింజ చెల్లేది. ఏ గింజకి ఎన్ని గింజలన్నది కాలాన్ని బట్టి మారుతుండేది. ఇవతల పంట బాగుంటే చింతగింజ మీసం మెలేసేది, అవతల బాగుంటే గురివింద. మారిన ప్రతిసారీ కొత్త రేటును బండ మీద చెక్కించడం ఆనవాయితీ. ఎందుకు చెక్కుతున్నారో ఎవరికీ తెలియదు. తెలిస్తే దాన్ని ఆనవాయితీ అని ఎందుకంటారు?

గంగరత్నం అనే ఎలుగుబంటికి ఈ గొడవలు పట్టేవి కావు. తేనె తియ్యడం, ఏరు దాటి అమ్ముకోవడం, వచ్చిన గురివిందల్ని ఖజానాలో ఇచ్చి చింతగింజలు తెచ్చుకోవడం, అంతే ఆవిడకి తెలిసిన వ్యాపారం. ఆ వేసవంతా ఈగల చేత కుట్టించుకుని నలభై గురివిందలు కూడబెట్టింది. రేటు ఒకటికి ఒకటి నడుస్తోంది. నలభై చింతగింజలిస్తే వానాకాలానికి తన పొడి గుహ అద్దెకిస్తానని పట్టాభి అనే అడవిపంది మాటిచ్చాడు. కిందటేడు కారే గుహలో తడిసి చిన్నపిల్లకి దగ్గు పట్టుకుంది. యముడి గుమ్మం దాకా వెళ్ళొచ్చింది. ఈసారి పొడి గుహ దొరక్కపోతే పిల్ల తనకు దక్కదని గంగరత్నం భయం.

సరిగ్గా అప్పుడే ఆస్థాన పండితుడు శేషావధానికి పరిశోధన చెయ్యాలని బుద్ధి పుట్టింది. ఆయన నక్క. బండ మొత్తం చదివి, తడి కళ్ళతో సభకొచ్చాడు.

"ప్రభూ, గుండె తరుక్కుపోతోంది. తమరి తాతగారి హయాంలో ఒక్క చింతగింజకి నాలుగు గురివిందలు వచ్చేవి. ఇవాళ ఒకటికి ఒకటి! మన గింజ పరువు ఏట్లో కలిసిపోయింది."

సింహం జూలు నిక్కబొడుచుకుంది. "ఆ పరువు మళ్ళీ తేవాలంటే ఏం చెయ్యాలయ్యా?"

"ఏముంది ప్రభూ, ఆనాటి రేటే ఈనాటి రేటని ఆజ్ఞ వేస్తే సరి!"

ఇంత సులువైన పని ఇన్నాళ్ళూ ఎవరికీ తట్టనందుకు సభ సిగ్గుపడి, చప్పట్లు కొట్టింది. గంగరత్నం మాత్రం వెనక నుంచి లేచింది.

"దొరా, మా అమ్మ చెప్పేది. ఆ రేటు పలికిన ఏడు అవతలి అడవి తగలబడిపోయిందంట. తినడానికి ఏమీ లేక, దోసిళ్ళతో గింజలు పోసి మన దగ్గర దుంపలు కొనుక్కున్నారంట. అది మన గొప్ప ఎలా అవుద్ది? వాళ్ళ ఖర్మ గానీ."

నక్క జాలిగా నవ్వాడు. "చూడమ్మా గంగరత్నం, చరిత్రలో అంకెలే ఉంటాయి. కారణాలు వెతికితే అది చరిత్ర అనిపించుకోదు, చాడీ అనిపించుకుంటుంది."

ఆజ్ఞ వెలువడింది. చరిత్రాత్మక రేటు తప్ప వేరే రేటు పలికినవాళ్ళకి తోక కత్తిరింపు. ఎవరి దగ్గర గురివిందలున్నా ఖజానాలోనే మార్చుకోవాలి.

గంగరత్నం తన నలభైనీ ఖజానా కిటికీలో పోసింది. కిటికీ వెనకున్న కాకి పది చింతగింజలు ఇవతలికి నెట్టింది.

"నలభై ఇచ్చానమ్మా, సరిగ్గా చూడు."

"చూశాను పిన్నీ. నాలుగు గురివిందలకి ఒక చింతగింజ. మన అడవి గొప్పదైపోయింది, తెలీదా?"

"ఈ గొప్ప నాకొద్దు. నావి నాకిచ్చెయ్."

"లోపలికొచ్చిన గురివింద బయటికి పోవాలంటే పండితులవారి ముద్ర ఉండాలి."

ఆవిడకి ఏడుపు ముంచుకొచ్చింది. ఆ పదీ పట్టుకుని అడవిపంది దగ్గరికి పరుగెత్తింది. పట్టాభి వాటిని ముట్టెతో అటూ ఇటూ దొర్లించాడు.

"గింజ విలువ నాలుగింతలైంది కదా, పట్టాభయ్యా! పది సరిపోవా?"

"విలువ నాలుగింతలైనా నేను అద్దె ఒక్క గింజైనా పెంచానా? నా మంచితనం నీకు కనపడటం లేదు" అని ఆయన నొచ్చుకున్నాడు.

ఇక పండితులవారి ముద్ర సంగతి. అది పండితులవారి దగ్గరే ఉండేది కాబట్టి, ఆయనకి దొరకడం కష్టం కాలేదు. అధ్యయన యాత్ర అని చెప్పి, పది చింతగింజలిచ్చి ఖజానా నుంచి నలభై గురివిందలు తీసుకున్నాడు. అవి గంగరత్నం పోసిన గురివిందలే. ఏరు దాటాడు. అక్కడ తోక కత్తిరింపు లేదు గనక రేటు ఇంకా ఒకటికి ఒకటే. నలభై చింతగింజలతో తిరిగొచ్చాడు. మర్నాడు ఆ నలభైతో నూట అరవై. విషయం గిట్టుబాటుగా ఉండటంతో అధ్యయనం మరీ లోతుగా సాగింది. నక్క గుహ చింతగింజలతో నిండిపోయి, ఆయన గుమ్మంలో పడుకోవలసి వచ్చింది.

గంగరత్నం ఏరు దాటడం మానేసింది. అమ్ముకున్నా ఆ నక్క కోసమే అమ్మాలి కదా అని ఒళ్ళు మండి, తీసిన తేనెపట్లన్నీ ఇంట్లోనే దాచుకుంది. మిగతావాళ్ళూ అదే పని చేశారు. ఖజానాలో గురివిందలు అడుగంటాయి.

మొదటి వాన పడింది. చిన్నపిల్ల దగ్గడం మొదలుపెట్టింది. గంగరత్నం దాన్ని పొట్టకి అదుముకుని, కారుతున్న గుహ కప్పుకి తన వీపు అడ్డం పెట్టి కూర్చుంది. అప్పుడు చెంప వాచిన సింహం, వెనకే నక్క, ఆ వెనక కాకి వచ్చారు.

దొరవారికి పన్ను పుచ్చింది. పన్ను పీకడం వచ్చినది అవతలి ఒడ్డున ఉన్న వడ్రంగిపిట్ట ఒక్కతే. అవతల దొరతనం చెల్లదు, గురివిందలే చెల్లుతాయి.

"గంగరత్నం, గురివిందలున్నాయా?"

"ఉన్నవన్నీ తమ ఖజానాలోనే పోశాను దొరా."

"ఖజానాలో సాలెగూళ్ళున్నాయి ప్రభూ" అంది కాకి.

సింహం నక్క వైపు తిరిగింది. "నీ దగ్గర గుహ నిండా చింతగింజలున్నాయంటగా. మార్చుకురా."

నక్క నేల చూపులు చూశాడు. "అవతల ఎవరూ ముట్టుకోవడం లేదు ప్రభూ. వాటికి మన ఖజానాలో ఏమీ రాదని తెలిసిపోయింది."

పన్ను ఒక్కసారి సలిపింది. దొరవారు నేల మీద కూలబడ్డారు.

గంగరత్నం మెల్లిగా అంది. "ఆ పిట్టకి తేనెపట్టులో పురుగులంటే ప్రాణం దొరా. ఒక పట్టు ఇస్తే గురివిందలు అడగదు. పట్లు నా దగ్గరున్నాయి."

సింహానికి ప్రాణం లేచొచ్చింది. అలవాటు కొద్దీ పండితుణ్ణి అడిగింది. "తాతగారి హయాంలో తేనెపట్టు ఎంతయ్యా?"

"రెండే రెండు చింతగింజలు ప్రభూ! స్వర్ణయుగం!"

"తేనెకి చరిత్ర లేదు దొరా" అంది గంగరత్నం. "ఇవాళ్టి ధరే. మీ సభ జరిగే ఆ పొడి గుహ నాకూ నా పిల్లలకీ ఇచ్చెయ్యండి."

నక్క ఏదో అనబోయాడు. పన్ను మళ్ళీ సలిపింది. దొరవారు ఒప్పుకున్నారు.

ఆ సాయంత్రమే గంగరత్నం సంసారం సభగుహలోకి మారింది. వారం తిరిగేసరికి చిన్నపిల్ల దగ్గు తగ్గి, ఒళ్ళెరగకుండా నిద్రపోతోంది. సభ మాత్రం బయట, కుండపోతలో జరుగుతోంది. తడిసి ముద్దయిన శేషావధాని లేచి, పూర్వకాలంలో మహాసభలన్నీ వానలోనే జరిగేవని నిరూపిస్తున్నాడు. సభ తుమ్ముతూ చప్పట్లు కొడుతోంది.

నీతి: పూర్వవైభవాన్ని ఎంతైనా పొగడండి, వానాకాలంలో దాని కింద మాత్రం కాపురం పెట్టకండి.