గుండుకు చీలలు

తప్పు మీదే, డెబ్బై అంతస్తుల మేడకు ప్లాను గీసిన పెద్దమనుషులారా. గాలి తోస్తే మేడ ఊగుతుందని, ఆ ఊపు చంపడానికి పైఅంతస్తులో ఆరువందల టన్నుల ఇనుప గుండు వేలాడదీశారు. మేడ అటు ఒరిగితే గుండు ఇటు లాగుతుంది. బాగుంది. దాని నూనె గొట్టాలు పగలంతా బుసకొడుతుంటే, దాన్ని కాసే మనిషి ఎక్కడ కూర్చుని పెళ్లాంతో మాట్లాడాలి? ఆ ఒక్క గీత గీయడానికి మీ చేతులు పడిపోయాయా?

నెత్తిన ఒత్తయిన జుట్టున్నా, ఆ మనిషిని మేడంతా గుండాయన అనే అంటుంది. భార్య వేరే ఊళ్లో నర్సు. చూసి ఏడు నెలలైంది. ప్రతి గురువారం పదకొండింటికి ఫోను చేయడానికి ఆమెకు పావుగంట తీరిక. అందులో పది నిమిషాలు "ఆఁ? ఏమన్నావ్?"కే సరి.

ఆ గురువారం కింద ఆకు కదలడం లేదు. అంత ఎత్తున మాత్రం గుండు గునుస్తూనే ఉంది. గుండాయన తెగించాడు. నూనె మార్చేటప్పుడు గుండు కదలకుండా వేసే నాలుగు ఇనుప చీలలూ సుత్తితో దిగగొట్టాడు. గది నోరు మూసుకుంది. ఏడు నెలల్లో మొదటిసారి తన ఊపిరి తనకు వినపడింది. పావుగంటేగా అనుకుని ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

పదకొండైంది. ఫోను రాలేదు. గాలి వచ్చింది.

అరవై ఆరో అంతస్తులో ఒక గుమాస్తా చక్రాల కుర్చీతో సహా ఆఫీసరు బల్ల దాకా దొర్లాడు.

"పిలవకుండానే వచ్చావేంటయ్యా?"

"నేను రాలేదు సార్, కుర్చీ వచ్చింది."

అంతలో ఆఫీసరు కుర్చీ కూడా బయల్దేరింది. ఎవరో భూకంపం అన్నారు. జనం మెట్ల మీద పడ్డారు. ఊపు హద్దు దాటితే లిఫ్టులు వాటంతటవే ఆగాలి, ఆగాయి. సెక్యూరిటీ పెద్ద పైకి ఫోను చేశాడు.

"గుండాయనా, నీ గుండు ఉందా పోయిందా?"

"ఉంది సార్. అంగుళం కదల్లేదు."

పెట్టేయగానే మళ్లీ మోగింది. ఆమె.

"ఎక్కడున్నానో చెప్పుకో చూద్దాం."

"ఆస్పత్రిలో."

"మీ లిఫ్టులో. నలభయ్యో అంతస్తు దగ్గర వేలాడుతున్నా. చెప్పకుండా వచ్చి నిన్ను ఆశ్చర్యపెడదామనుకున్నా. నాలుగింటి బస్సుకి మళ్లీ పోవాలి."

ఆమె గాజుల చప్పుడు కూడా వినపడుతోంది. చీలలు తీస్తే మేడ కుదురుతుంది, లిఫ్టు కదులుతుంది, ఆమె వస్తుంది. ఈ గొంతు మాత్రం పోతుంది.

"ఇంకొక్క నిమిషం మాట్లాడవే."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. ముందు నన్ను పైకి లాగు."

మేడ ఊపుకి చీలలు బిగుసుకుపోయాయి. చెమటలు కక్కుతూ మూడు ఊడగొట్టాడు. నాలుగోది అలిగిన అల్లుడిలా భీష్మించుకుంది. అది ఊడి, గుండు ఊగి, మేడ కుదురుకునేసరికి మూడుంబావు.

లిఫ్టు తలుపు తెరుచుకుంది. జడ ఊడిపోయి ఉంది, మనిషి నీరసించింది. అతని ముఖం తడిమి చూసింది. ఏదో చెప్పింది. చాలాసేపే చెప్పింది. చివర్లో ఆమె కళ్లు నిండాయి.

గుండు బుసకొడుతోంది.

"ఆఁ? ఏమన్నావ్?" అన్నాడు గుండాయన.

ఆమె గోడ గడియారం చూసింది. కింద పడున్న చీలల వంక చూసింది.

కాబట్టి పెద్దమనుషులారా, ఆ అంతస్తులో తలుపున్న గది ఒకటి కట్టండి. రేపు కాదు, ఇవాళే. ఆమె అప్పుడే సుత్తి అందుకుంది.