డెవలప్‌మెంట్‌లో ఉన్న గుహవీరుడు

పిల్లల కోసం తీసే కార్టూన్ సీరియల్ ఎన్నటికీ టీవీలో రాకపోవడమే దేశానికి మంచిది! నమ్మరా? అయితే ఆళ్లగడ్డ శిల్పి మద్దిలేటి సంగతి వినండి.

ఆయన కూతురు హరిణి నంద్యాలలో యానిమేషన్ నేర్చుకుంది. బెలుం గుహల్లో ఉంటూ కటిక చీకట్లో కూడా చూడగల ‘గుహవీర’ అనే సూపర్ హీరోని పుట్టించింది. హైదరాబాదులో ఒక చానెల్ వాళ్లు కథ విని చప్పట్లు కొట్టారు. సీరియల్ మొదలయ్యే రోజున ఆఫీసు ముందు నిలబెట్టడానికి ఎనిమిది అడుగుల రాతి విగ్రహం కూడా కావాలన్నారు. కూతురి హీరోని తానే చెక్కాలని మద్దిలేటి ముచ్చటపడ్డాడు. శిల్పుల పద్ధతి ప్రకారం కళ్లు మాత్రం చివరికి వదిలేశాడు.

అది ఆరేళ్ల కిందటి మాట. చీకట్లో చూడగల వీరుడు ఆరేళ్లుగా కళ్లు లేకుండానే ఉన్నాడు! ఎప్పుడు ఫోన్ చేసినా సీరియల్ డెవలప్‌మెంట్‌లో ఉందంటారు. మద్దిలేటికి ఆ మాట భలే నచ్చింది. డెవలప్‌మెంట్ అంటే ఎదగడమే కదా? ఇన్నేళ్లుగా ఎదుగుతోందంటే శ్రీశైలం డ్యామంత అవుతుందని టీకొట్టు దగ్గర అందరికీ చెప్పుకున్నాడు.

చానెల్ వాళ్లూ ఊరికే కూర్చోలేదు పాపం. మీటింగ్ పెట్టినప్పుడల్లా ఒక మార్పు పంపారు. కిరీటం వద్దన్నారు, తీసేశాడు. వీపున కేప్ కావాలన్నారు. రాతిలో తీసేయడమే గానీ అతికించడం ఉండదు. కేప్ రావాలంటే మనిషే తగ్గాలి. ఆరడుగులయ్యాడు. మీసం తీయించి, మరుసటి మీటింగులో మీసమే అందమన్నారు. నాలుగడుగులు! తోడుగా ఓ కుక్క ఉండాలన్నారు. కుక్క ఎక్కడి నుంచి వస్తుంది? హీరో ఎడమ కాల్లోంచే వచ్చింది. ఇలా మార్పు మార్పుకీ తరిగి తరిగి వీరుడు చంకలో పట్టేంతయ్యాడు.

ఎన్ని లాభాలో చూడండి! ఎనిమిది అడుగులవాణ్ని కదపాలంటే క్రేన్ కావాలి. ఇప్పుడైతే చంకలో పెట్టుకుని నంద్యాల బస్సెక్కవచ్చు, కండక్టర్ టికెట్ కూడా అడగడు. సీరియల్ చూడాల్సిన పిల్లలకు ఈలోగా మీసాలొచ్చాయి, కార్టూన్లు చూసి చెడిపోయే గండం తప్పింది. ఒకప్పుడు రోజుకు పది బొమ్మలు గీసే హరిణి గీయడమే మానేసి, మెయిల్ వచ్చిందేమోనని ఫోన్ చూసుకుంటూ ఎంతో బుద్ధిగా కూర్చుంటోంది. ఈ చివరి లాభం ఒక్కటే మద్దిలేటికి మింగుడుపడలేదు.

హీరో జానెడు మిగిలినప్పుడు మరో మెయిల్ వచ్చింది. చెవులు మార్చాలట. హరిణి చదివి వినిపించి, బొమ్మ వైపు చూసింది.

“ఇంగ చాలు నాయనా. తీసేదానికి వాడు యాడుండాడు?”

మద్దిలేటి సన్న ఉలి అందుకుని గుహవీర రెండు కళ్లూ తెరిచాడు. కళ్లు తెరిచాక బొమ్మకు ఉలి తాకించకూడదు, బ్రహ్మదేవుడే మీటింగ్ పెట్టినా కుదరదు. ఆ బొమ్మను కూతురి చేతిలో పెట్టాడు.

“వీని పని అయిపోయిందిమ్మా. నువ్వు ఇంగోన్ని గీసుకో.”

ఆరేళ్ల తర్వాత హరిణి ఆ పూట కొత్త కాగితం తీసింది. పెన్సిల్ చప్పుడు వింటుంటే మద్దిలేటికి ప్రాణం లేచొచ్చింది.

వారం తిరక్కుండా చానెల్ నుంచి ఫోన్! అందరూ కూర్చుని ఆలోచిస్తే మొదటి డిజైనే బాగుందని తేలిందట. ఎనిమిది అడుగుల విగ్రహం ఎంతవరకు వచ్చిందని అడిగారు.

కిటికీలో కళ్లు తెరుచుకుని నిలబడ్డ జానెడు వీరుణ్ని మద్దిలేటి ఓసారి చూసుకున్నాడు.

“డెవలప్‌మెంట్‌లో ఉండాడు సార్,” అన్నాడు.