కాకిగారి గృహప్రవేశం

వనపర్తి శివారులోని మా కొత్త కాలనీలో, రెండువేల ఏడు వేసవి నాటికి, గడువులోగా పూర్తయిన ఇల్లు ఒకే ఒక్కటని తెలియజేయడానికి గర్విస్తున్నాం. అది కరెంటు స్తంభం మీది కాకిది.

పునాదికి స్లాబులో వాడే ఇనుప తీగ. గోడలకు కేబుల్ టీవీ వైరు, విరిగిన హ్యాంగరు. లోపల మెత్తగా సిమెంటు సంచి పీచు, పాత ఎన్నికల తోరణం ముక్క. ఇంత పటిష్ఠమైన కట్టడం కాలనీలో మరొకటి లేదు.

స్తంభం కిందే కుబ్రా బేగం ఇల్లు. గోడలు లేచాయి, పైకప్పు లేదు. వానలు పడేలోగా స్లాబు వేయకపోతే సర్కారు ఇచ్చిన ఇంటి మంజూరు రద్దు. కావలసిన సామాను కాలనీ కమిటీయే ఇవ్వాలి. బేగం వెళ్లి అధ్యక్షులు రామచంద్రయ్యగారిని అడిగింది. ఆయన తలెత్తి గూడు చూపించారు.

“నీ సామాను కాకి ఎత్కపోయిందమ్మా. కండ్లముంగటనే ఉంది కద.”

“తీగంటే నమ్ముత సారూ. సిమెంటు బస్తాలు సుత ముక్కుల కర్సుకపోయిందా?”

“విచారణ చేపిస్త. జర ఓపిక పట్టు.”

విచారణ జరిగింది. ఇనుము, సిమెంటు, ఇసుక, చివరికి కాలనీకి రావలసిన నీళ్ల ట్యాంకు కూడా కాకే పట్టుకుపోయిందని తేలింది. కాకి దేన్నీ ఖండించలేదు. కాబట్టి ఒప్పుకున్నట్టే.

అయినా అధ్యక్షులది పెద్ద మనసు. దొంగను క్షమించి, స్తంభానికి దండ వేసి, ఘనంగా గృహప్రవేశం జరిపించారు. “మేస్త్రీ లేడు, ఫిర్యాదు లేదు! మీరంత కాకిని చూసి నేర్చుకోవాలె!” అని ఉపన్యసించారు. మేం చప్పట్లు కొట్టాం. కాకి దిగివచ్చి ఆయన బట్టతలను ముక్కుతో సత్కరించింది. చప్పట్లు ఇంకా గట్టిగా కొట్టాం.

తొలకరి పడింది. బేగం మంజూరు రద్దయింది. రద్దయిన వారానికే సామానంతా దొరికి, ఆ ఇంటికి స్లాబు పడింది. అందులో అధ్యక్షుల బావమరిది దిగాడు. బేగం పక్కనే టార్పాలిన్ కట్టుకుని ఉంటోంది. మాకు నిజంగానే బాధేసింది, వెళ్లి పలకరించి వచ్చాం.

ఈలోగా గూట్లో పిల్లకు రెక్కలొచ్చాయి. చూస్తే ఒంటినిండా తెల్ల చుక్కలు. కోయిల పిల్ల! కాకి మాత్రం ఎగిరెగిరి మేత తెచ్చి దాని నోట్లో కుక్కుతోంది. కాలనీ అంతా స్తంభం కింద చేరి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం.

“తన ఇంట్ల ఎవలున్నరో తెల్వదు, పిచ్చి ముండకు!”

బేగం ఒక్కతే నవ్వలేదు.

ఇంకాసేపు నవ్వేవాళ్లమే గానీ, ఆలస్యమవుతోందని లేచాం. ఆరోజే కమిటీ ఎన్నిక. వెళ్లి రామచంద్రయ్యగారిని ఏకగ్రీవంగా గెలిపించుకుని వచ్చాం.