సున్నా వార్నింగుల బావగారు

ఆ రోజు తొందరబాబు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున ఆఫీసుకు వెళ్లాలి, మిగిలిపోయిన ఒక్క వార్నింగునూ వదిలించుకోవాలి, మధ్యాహ్నం సెలవు పెట్టి మూడింటికల్లా అద్దె ఇల్లు ఖాయం చేసుకోవాలి. ఇందులో కష్టమేముంది అని అద్దం ముందు నిలబడి అనుకుంటుండగానే బాత్‌రూము తలుపు టకటకలాడింది.

"బావా, తల దువ్వుకోడానికి నీళ్లక్కర్లేదు. కుళాయి కారుతోంది" అన్నారు బయటినుంచి బావగారు.

మూసిన తలుపు అవతల నిలబడి కుళాయి సంగతి ఆయనకెలా తెలిసిందని అడక్కండి. ఆయనంతే. తొందరబాబు భార్యకు ఆయన సొంత అన్నయ్య. అదొక్కటే అయితే సర్దుకుపోవచ్చు. ఆఫీసులో తొందరబాబు రాసే ప్రోగ్రాములకు పైఅధికారి కూడా ఆయనే. అద్దెకున్న ఇంటిని ఇంటివాళ్లు అమ్ముకోవడంతో, 'కొత్తది దొరికేదాకా నాలుగు రోజులు' అని భార్యాభర్తలిద్దరూ బావగారింట్లో దిగారు. ఆ నాలుగు రోజులు మొదలై ఆర్నెల్లయింది. ఇంట్లో మనుషులు నలుగురు, బాత్‌రూము ఒకటి.

ప్రోగ్రామును నడపకుండానే చదివి, ఇక్కడ తప్పు, అక్కడ తప్పు అని చెప్పే తనిఖీ యంత్రాంగం ఒకటి ఆఫీసు కంప్యూటర్లలో ఉంది. దాని మాటలనే వార్నింగులంటారు. బావగారి చేతికింద ఎవరి పనిలోనైనా వార్నింగులు సున్నా అయ్యాకే సెలవు. ఆ యంత్రాంగం సాయంత్రానికి ఆగిపోతుంది. బావగారు ఆగరు. ఇంటికొచ్చి, కుర్చీలోంచి లేవకుండానే, "ఫ్యాను తిరుగుతోంది, కింద మనిషి లేడు", "ఆ చెప్పులు దారికి అడ్డం" అంటారు. తిట్టరు, అరవరు, ముఖం కూడా చిట్లించరు. చూసింది చెబుతారంతే. తిడితే ఎదురు తిరగొచ్చు, చెప్పిందల్లా నిజమైతే ఏం చేస్తాం చెప్పండి?

తొందరబాబు చెప్పులు వేసుకుంటుంటే భార్య వంటింట్లోంచి వచ్చి గొంతు తగ్గించింది. ఆమె కళ్లజోళ్ల షాపులో పనిచేస్తుంది. కొత్త కళ్లజోడు కోసం వచ్చిన ఒక రిటైరైన హెడ్‌నర్సు, మాటల్లో తన ఇంటి కింద భాగం ఖాళీగా ఉందని చెప్పింది.

"వివరాలన్నీ మీకు మెసేజ్ పెట్టాను. ఏవండీ, అన్నయ్యకి మాత్రం తెలియనివ్వకండి. ఇల్లు చూసుకుంటున్నామని తెలిస్తే గుండె పగిలిపోతుంది. మనమంటే ప్రాణం వాడికి."

"ఖాయమయ్యాక నెమ్మదిగా చెబుదాంలే. ఆ నర్సు ఇల్లు చేజారితే నేను బతకలేనే. నిన్న కలలో కూడా, 'పక్కకి తిరిగి పడుకో' అన్నారు మీ అన్నయ్య."

"కల్లో కాదండీ. గుమ్మంలోంచి నిజంగానే అన్నాడు" అంది ఆవిడ.

సెలవుకు కారణం ఏం చెప్పాలో తోచక, ఆఫీసులో అడుగుపెడుతూనే పన్ను నొప్పి అనేశాడు తొందరబాబు. ఇంట్లో 'బావా, నువ్వు' అనే బావగారు ఆఫీసు గుమ్మం దాటగానే 'మీరు'లోకి మారిపోతారు.

"పంటి డాక్టరు దగ్గరికి మధ్యాహ్నం వెళ్దురు గాని. ముందు మీ వార్నింగు సంగతి చూడండి" అన్నారు.

అదేం పెద్ద విషయం కాదు. సామాను చేరవేసే ఒక కంపెనీ కోసం వాళ్లు ప్రోగ్రాం రాస్తున్నారు. అందులో 'బండి' అని ఒక తల్లి క్లాసు ఉంది. ఉత్త బండి అనేది లోకంలో ఎక్కడా ఉండదు. లారీ ఉంటుంది, వ్యాను ఉంటుంది, మోటార్‌సైకిల్ ఉంటుంది. 'బండి' వాటన్నిటికీ ఉమ్మడి నమూనా, అంతే. ఏ వస్తువైనా పుట్టేటప్పుడు మొదట నడిచే భాగాన్ని కన్‌స్ట్రక్టర్ అంటారు. దాన్ని ఎవరు పిలవచ్చో పక్కనే ఒక మాట రాస్తారు. పబ్లిక్ అని రాస్తే దారినపోయే దానయ్య కూడా పిలవచ్చు. ప్రొటెక్టెడ్ అంటే లారీ, వ్యాను లాంటి పిల్ల క్లాసులకు మాత్రమే. ప్రైవేట్ అంటే తను తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఉత్త నమూనాకు పబ్లిక్ కన్‌స్ట్రక్టర్ దేనికని యంత్రాంగం అడుగుతోంది. న్యాయమైన ప్రశ్న. పబ్లిక్ కొట్టేసి ప్రొటెక్టెడ్ అని రాస్తే పని అయిపోతుంది.

తొందరబాబుకు ఆ పేరు ఊరికే రాలేదు. మొదటి రెండు అక్షరాలు కొట్టగానే కంప్యూటరు, 'నువ్వు రాయబోయేది ఇదేనా?' అన్నట్టు ఒక మాట చూపించింది. అదేమిటో చూడకుండా సరే అనేశాడు. అది ప్రైవేట్. అదే ఊపులో దాన్ని అందరికీ పంచేసి, టీ తెచ్చుకోవడానికి లేచాడు.

కప్పు నిండేలోపు ఆఫీసు గోలెత్తిపోయింది. తల్లి కన్‌స్ట్రక్టర్ ప్రైవేట్ అయిపోతే పిల్ల క్లాసులు పుట్టేదెలా? లారీ రాసేవాడి తెరంతా ఎరుపు. వ్యాను రాసే అమ్మాయి తెర కూడా ఎరుపే.

"ఎవరండీ తలుపేసుకుని లోపల కూర్చుంది?" అని అరిచాడు టెస్టరు. ఇతరులు రాసినదాంట్లో తప్పులు వెతకడమే అతని ఉద్యోగం కాబట్టి ఆ గొంతులో కోపం కన్నా సంబరమే ఎక్కువ.

తొందరబాబు పరిగెత్తుకొచ్చి ఎక్కడిదక్కడ పెట్టేశాడు. ఎరుపు పోయింది, వార్నింగు తిరిగొచ్చింది. గడియారం చూస్తే మధ్యాహ్నం దగ్గరపడుతోంది. మళ్లీ ఆ మాట జోలికి వెళ్లే ధైర్యం లేదు. అలాంటప్పుడు ఒక దొడ్డిదారి ఉంది. 'ఈ వార్నింగును పట్టించుకోవద్దు' అని యంత్రాంగానికి చెప్పొచ్చు. కాకపోతే ఎందుకో కారణం రాయాలి. ఆ కారణాలను ఎవరూ చదవరని ఆఫీసంతా నమ్ముతుంది. అందుకే అందరూ, 'పాత ప్రోగ్రాములు చెడిపోకుండా ఉండేందుకు' అనే ఒకే ఒక్క వాక్యాన్ని ఒకరి దగ్గర్నుంచి ఒకరు కాపీ చేసుకుంటూ బతుకుతున్నారు.

తొందరబాబు కూడా దాన్నే కాపీ చేద్దామనుకున్నాడు. చేశానని కూడా అనుకున్నాడు. నిజానికి అంతకు ముందు, దారి వెతుక్కోవడానికి భార్య మెసేజును కాపీ చేసి పెట్టుకున్నాడు. కారణం గడిలో పడింది అది. చూడకుండా పంపించేశాడు. పచ్చటి గుర్తు వచ్చింది, వార్నింగులు సున్నా. హమ్మయ్య అనుకున్నాడు.

తల్లి క్లాసులో చీమ కదిలినా, దానిమీద ఆధారపడ్డ వాళ్లందరికీ ఆ మార్పు తెరమీద కనిపిస్తుంది. పొద్దున ఒకసారి దెబ్బతిని ఉన్నారేమో, ఈసారి అందరూ శ్రద్ధగా తెరిచి చూశారు. పబ్లిక్ కన్‌స్ట్రక్టర్ నెత్తిన ఇలా ఉంది:

'మూడింటికి గేటు తీస్తుంది, ముందొచ్చిన కుటుంబానికే ఇస్తుందట. పోస్టాఫీసు వెనక సందు, నీలం గేటు. రెండు గదులు, రెండు బాత్‌రూములు, అద్దె నమ్మలేనంత తక్కువ. ఎవరికీ చెప్పకండి. ముఖ్యంగా అన్నయ్యకి.'

ఆ తర్వాత ఆఫీసులో ఆరోగ్యాలు పాడవడం మొదలైంది. లారీ వాడికి తలతిరిగింది. వ్యాను అమ్మాయికి కడుపునొప్పి వచ్చింది. టెస్టరుకు మేనత్త గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి. ఒక్కొక్కరే బావగారి గదిలోకి వెళ్లి, వార్నింగులు సున్నా అని చూపించి సెలవు తీసుకుని వస్తున్నారు. పాపం, ఇంతమందికి ఒక్కసారే ఏమైందో అని తొందరబాబు మనస్ఫూర్తిగా జాలిపడ్డాడు.

తన వంతు రాగానే దవడ పట్టుకుని గదిలోకి వెళ్లాడు. బావగారు తెరమీంచి కళ్లెత్తి అతన్ని చాలాసేపు చూశారు.

"బాగా నొప్పిగా ఉందా?"

"ప్రాణం పోతోందండీ."

"అయితే ఒంటరిగా పంపను. కారు తీస్తాను, పదండి."

"అయ్యో, మీకెందుకండీ శ్రమ..."

"శ్రమేముంది? మా చెల్లెలి మొగుడు" అన్నారు బావగారు, ఆఫీసులో మొట్టమొదటిసారిగా చుట్టరికం బయటపెట్టి. తొందరబాబుకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఇంత మంచివాడి ఇంట్లోంచి దొంగచాటుగా పారిపోతున్నానా అని తనను తాను తిట్టుకున్నాడు.

పంటి డాక్టరు గుమ్మంలో దింపి వెళ్లిపోతారనుకుంటే, బావగారు లోపలికి కూడా వచ్చి, "మావాడు కాస్త భయస్తుడు. వద్దంటాడు, వినకండి" అని డాక్టరుకు అప్పగించి మరీ వెళ్లారు. డాక్టరు నిజంగానే వినలేదు. నోరు తెరిపించి చూసి, "వెనక పన్ను పుచ్చిందే, నొప్పిగా లేదూ?" అంది. తొందరబాబుకు నిజం చెప్పడానికీ అబద్ధం చెప్పడానికీ కూడా నోరు ఖాళీ లేదు. ఇంజెక్షనయింది, రుద్దుడయింది, పూడ్చుడయింది. బయటపడేసరికి ఎడమ బుగ్గ తనది కాదు, పెదవి ఎటుందో తెలియదు.

అలాగే పడుతూ లేస్తూ పోస్టాఫీసు వెనక సందులోకి తిరిగాడు. నీలం గేటు ముందు వరుస కట్టి ఉంది. అందులో ముందు లారీ వాడు, భార్యతోనూ అత్తగారితోనూ. వాళ్ల వెనక వ్యాను అమ్మాయి, తల్లిదండ్రులతో. ఆ తర్వాత టెస్టరు, మేనత్తతో. ఆవిడను ఎక్కడినుంచో పట్టుకొచ్చాడు. అందరికన్నా వెనక, చేతిసంచి గుండెలకు హత్తుకుని తన భార్య.

"మీ ఆఫీసంతా ఇక్కడే ఉందేంటండీ? ఎవరికి చెప్పారు?" అంది ఆవిడ. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"హహహా..." అన్నాడు తొందరబాబు. 'ఎవరికీ చెప్పలేదు' అని అతని ఉద్దేశం.

"నవ్వుతున్నారా?"

"పన్ను తగ్గిందా సార్?" అని పలకరించాడు టెస్టరు. "కోడ్‌లో ఇంత మంచి కారణం నేనెప్పుడూ చదవలేదు. అద్దె నిజంగా అంత తక్కువా?"

తొందరబాబుకు అప్పుడు తెలిసింది ఏ గడిలో ఏది పడిందో. పొద్దున్నుంచీ 'బండి' తలుపు వేయాలని నానా తంటాలూ పడి, తన ఇంటి గుట్టు నడివీధిలో పెట్టుకున్నాడు. భార్య ముఖం చూడలేక గోడవైపు తిరిగాడు.

మూడు కొట్టగానే హెడ్‌నర్సు గేటు తీసి, జనాన్ని చూసి, కొత్త కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. "ఒక్కరికి చెబితే ఇంతమందా? ఇది ఇల్లనుకున్నారా, ఆస్పత్రి ఓపీ అనుకున్నారా?" అంది. సరిగ్గా అప్పుడు సందు చివర ఒక కారు ఆగింది. దిగింది బావగారు.

"అయిపోయింది. అన్నయ్యకి కూడా తెలిసిపోయింది. వాడి ముఖం ఎలా చూడను?" అంది భార్య.

బావగారు ఎవరినీ పలకరించలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నేరుగా గేటులోంచి లోపలికి వెళ్లారు. ఒక్క చుట్టు తిరిగి వచ్చి గుమ్మంలో నిలబడి, అలవాటైన ఆ చల్లటి గొంతుతో మొదలుపెట్టారు.

"వంటింటి కిటికీ తెరిస్తే పక్కింటి గోడ తగులుతుంది. కుళాయి పక్కనే స్విచ్చుంది, తడిచేత్తో వేస్తే మనిషి మిగలడు. మెట్లలో మూడోది మిగతావాటికన్నా ఎత్తు, పెద్దవాళ్లు పడితే లేవరు. ఒక బాత్‌రూముకు గడియ బయటివైపు ఉంది."

లారీ వాడి అత్తగారు ఒకడుగు వెనక్కి వేసింది. టెస్టరు మేనత్త మోకాళ్లు పట్టుకుంది. ఇన్నేళ్లుగా ఆయన చెప్పిన ఏ వార్నింగూ తప్పుకాలేదని ఆ వరుసలో అందరికీ తెలుసు. ఆయన జాబితా నీళ్ల ట్యాంకు దాకా వచ్చేసరికి వ్యాను అమ్మాయి తల్లిదండ్రులు ఆటో ఎక్కేశారు. ఇంటి కప్పు మీదికి వెళ్లేసరికి టెస్టరు కూడా లేడు. సందు ఖాళీ అయింది.

తొందరబాబు భార్య ఇంక పట్టలేకపోయింది. "ఎందుకన్నయ్యా ఇంత పని చేశావు? నీకు చెప్పకపోవడం తప్పే. కాళ్లు పట్టుకుంటాను. మమ్మల్ని పంపించడం ఇష్టం లేకపోతే ఇంట్లోనే చెప్పొచ్చుగా, ఇలా నలుగురిలో ఆ ఇంటికి వంకలు పెట్టాలా?" అని ఏడ్చేసింది.

బావగారు ఆర్నెల్లలో మొదటిసారి మాట తడబడ్డారు.

"పిచ్చిమొహమా, పంపించడం ఇష్టం లేకపోవడమేంటి? కారణం గడిలో పడ్డ నీ మెసేజును నేనూ చదివాను. చదివిన దగ్గర్నుంచీ నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. బావ కన్నా ముందు ఇంకెవడైనా ఈ ఇల్లు ఎగరేసుకుపోతాడేమోనని ఎంత హడలిపోయానో తెలుసా? మీరంటే ప్రాణమేనమ్మా. కానీ ఆర్నెల్లుగా మా ఇంట్లో స్నానానికి మేం వరుసలో నిలబడుతున్నాం. వెళ్లమంటే నువ్వు బాధపడతావని మీ వదిన నా నోరు కుట్టేసింది."

"హా డాక్హరూ?" అన్నాడు తొందరబాబు, బుగ్గ చూపిస్తూ.

"నాకు అబద్ధం చెప్పినందుకు" అన్నారు బావగారు.

కారులోంచి ఆయన భార్య దిగి నవ్వుతూ చెయ్యి ఊపింది. వెనక డిక్కీ తెరిచి ఉంది. అందులో తొందరబాబు దంపతుల పెట్టెలు, పరుపుచుట్ట, బకెట్టు పొందికగా సర్ది ఉన్నాయి. బావగారు వెళ్లి రెండు చేతులా రెండు పెట్టెలు అందుకుని, కుర్రాడిలా గంతులేస్తూ గేటులోకి వచ్చారు. చెల్లెలు ఏడుస్తూనే నవ్వి, అన్నయ్య చేతిలోంచి ఒక పెట్టె లాక్కుంది.

హెడ్‌నర్సు అడ్డం నిలబడింది. "కాసేపాగండి. వీళ్లే మిగిలారు కాబట్టి వీళ్లకిచ్చేశాను సరే. మీరు ఇందాక చెప్పినవన్నీ వీళ్ల కోసం కల్పించినవేనా?"

"అక్షరాలా నిజమండీ. కానీ ఇందులో ఉండేది నేను కాదుగా" అన్నారు బావగారు.

వార్నింగులన్నీ ఎక్కడివక్కడ ఉండగా పని పూర్తయిందని ఆయన ఒప్పుకున్నది అదొక్కసారే.