ఒక్క కడుపునొప్పికి పన్నెండు మంది డాక్టర్లు

"ఏమే శ్రావణీ, నొప్పి కుడిపక్కనా, ఎడమపక్కనా?"

నేనిలా అడిగేటప్పటికి మా పిల్లకి ఏ నొప్పీ లేదు. ఇడ్లీ తింటూ ఫోను చూసుకుంటోంది. కానీ దాని మొహంలో నాకేదో కనిపించింది. తల్లిని కదా! మా ఆయన గోపినాథ్ లాంచీ మీద డ్యూటీకి బయల్దేరుతూ, "నువ్వు పిలవకపోతే రోగాలకి మనింటి అడ్రస్సే దొరకదు, చుప్ రహో నా!" అన్నారు.

మర్నాటికల్లా పిల్లకి కుడిపక్కన, బొడ్డు కింద నొప్పి పట్టుకుంది. ఇప్పుడు చెప్పండి, ఆయన కరెక్టా, నేను కరెక్టా?

మా పేట బతు బస్తీ నుంచి ఆటోలో పెద్దాసుపత్రికి పరిగెత్తాం. అక్కడున్న నాలుగు రోజుల్లో నాకు జ్ఞానోదయమైంది. మనిషికి రోగమంటూ వస్తే, డాక్టరీ కాలేజీ ఉన్న సర్కారు ఆసుపత్రిలోనే పడాలి! దాన్ని మించిన భాగ్యం లేదు. నవ్వకండి, నేను సీరియస్‌గానే రాస్తున్నాను.

ప్రైవేటు డాక్టరు దగ్గర ఏముంటుంది? ఒక్క మనిషి, రెండు నిమిషాలు, ఒక చీటీ. మా శ్రావణిని చూసింది ఎంతమందో తెలుసా? పన్నెండు మంది! తెల్లకోట్లు, మెళ్ళో స్టెతస్కోపులు, చేతుల్లో నోటుబుక్కులు. ఒకరి తరవాత ఒకరు పొట్ట నొక్కి, "యహాఁ దర్ద్ హై?" అని మా దీవుల హిందీలో అడిగారు. మొదటి ఇద్దరు నొక్కినప్పుడు దానికి ఒక్కచోటే నొప్పి. ఆఖరివాడు నొక్కేసరికి పొట్టంతా నొప్పే! ఇంత శ్రద్ధగా చూసేవాళ్ళు ఇంకెక్కడున్నారు?

పైగా వాళ్ళు వింటారు. ఇంట్లో నేను నోరు విప్పితే ఆయన టీవీ సౌండు పెంచుతారు. వీళ్ళు పెన్ను తీస్తారు! "కబ్ సే హై, ఆంటీ?" అని ఒకబ్బాయి అడిగాడు. ఎప్పట్నించని చెప్పను? కడుపునొప్పి మా ఇంటి ఆస్తి. అందుకని మా మావగారు రమణయ్య ఓడ దిగిన రోజు నుంచి మొదలుపెట్టాను.

ఆయన శ్రీకాకుళం వైపు నుంచి ఈ దీవికి కూలికి వచ్చిన కొత్తలో ఇక్కడ ఆసుపత్రంటే ఒక డాక్టరు, ఒక కాంపౌండరు, ఒక తెల్ల గోడ. మందులూ ఉత్తరాలూ ఒకే ఓడలో వచ్చేవట. ఓడ లేటయితే జ్వరం కూడా ఆగాల్సిందే. రోగం కాస్త గట్టిదైతే 'రిఫర్' అని రాసి మద్రాసు ఓడ ఎక్కించేవారు. మా మావగారినీ అలాగే ఎక్కించారు. నాలుగు రోజుల ప్రయాణంలో సముద్రం ఊపిన ఊపుకి ఆ నొప్పి దానంతటదే పోయింది. మద్రాసులో దిగి, "నాకిప్పుడేటీ నేదు బాబూ," అని చెప్పి, తిరుగు ఓడ కోసం ఇరవై రోజులు రేవులోనే కాచుకున్నాడాయన!

తరవాత తెల్ల గోడ మీద అంతస్తులు లేచాయి. ఆ ఆసుపత్రిలోనే మా ఆయన పుట్టారు, నా కాన్పులూ అయ్యాయి. సునామీ తరవాత ఏయే దీవుల వాళ్ళో ఆ వరండాల్లోనే తల దాచుకున్నారు. ఆ తరవాత కాలేజీ వచ్చింది. మన పిల్లలు ఇక్కడే చదివి ఇక్కడే డాక్టర్లు కావచ్చన్నారు. ఇదంతా చెప్పాను. ఆ అబ్బాయి మా మావగారి ఓడతో సహా రాసుకున్నాడు! నా మాటలు కాగితం మీదికెక్కడం నా పెళ్ళి శుభలేఖ తరవాత అదే మొదటిసారి.

చదువు కూడా అబ్బుతుంది. నేను ఎనిమిదితో ఆపేసినదాన్ని. శ్రావణికి అపెండిక్స్ అయ్యుంటుందన్న ఒకే ఒక్క భయంతో లోపలికెళ్ళాను. ఒకమ్మాయి, "ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా?" అంది. అరే, ఇది నాకు తట్టలేదే! ఇంకొకడు రాళ్ళున్నాయా అన్నాడు. మరొకడు పాములున్నాయా అన్నాడు. పొట్టలో ఏలికపాములని తెలిసేలోగా నేను మంచం కింద కూడా చూసేశాను. సాయంత్రానికి నా దగ్గర నలభై భయాలు జమయ్యాయి. ఏ బడిలో ఇంత నేర్పుతారు?

విద్య దాచుకోకూడదు కదా? పక్కింటి అసిరమ్మ ఫ్లాస్కుతో చాయ్ పట్టుకుని పిల్లని చూడ్డానికొస్తే, ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి పొట్ట నొక్కి, చటుక్కున చెయ్యి తీశాను.

"ఓలమ్మో! ఒగ్గీవే! నాను సూడ్డానికొచ్చాను గానీ పేషెంటుని కాను!"

"చెయ్యి తీసినప్పుడు ఎక్కువ నొప్పి పుట్టిందా, లేదా? అది చెప్పు ముందు."

"నీ కూతురికి తగ్గేసరికి వార్డంతా పడుకోబెట్టీసేలా ఉన్నావే!" అంటూ అసిరమ్మ ఫ్లాస్కు కూడా మర్చిపోయి వెళ్ళిపోయింది.

పన్నెండు మందిలో ఒక్క పిల్ల మాత్రం నోరు విప్పేది కాదు. కోటు మీద ఫేబే అని పేరు. అందరికీ వెనకాల నిలబడి, వాళ్ళు నొక్కి వెళ్ళాక శ్రావణి దుప్పటి సర్దేది. ఒక్క ప్రశ్న కూడా అడక్కపోతే ఈ పిల్ల పరీక్ష ఎలా గట్టెక్కుతుంది? వాళ్ళమ్మ ఎంత బెంగపడుతోందో! సరేలెమ్మని ఆ బెంగ కూడా నేనే పడ్డాను.

ఇన్ని భాగ్యాల మధ్య నాకొక చిన్న ప్రశ్న మిగిలిపోయింది. చాలా చిన్నది. నా పిల్లకేమైంది? పొట్ట కోస్తారా? చెన్నై పంపిస్తారా?

నర్సు దీదీని అడిగాను. "డాక్టర్ సే పూఛో." చిన్న డాక్టర్ని అడిగాను. "స్కాన్ ఆనే దో." స్కాన్ వచ్చింది. మళ్ళీ అడిగాను. "బడే సర్ బతాయేంగే." బడే సర్, అంటే పెద్ద డాక్టరు, వచ్చారు, కేస్ షీట్ చూశారు, తల ఊపారు, పక్క మంచానికి వెళ్ళారు. ఇంట్లో మా అత్తగారు గవరమ్మ చెన్నై చలికని నా స్వెట్టరు ఎండలో వేశారు. చెన్నైలో చలి ఉండదని చెప్పే ధైర్యం మా ఆయనకి లేదు. శ్రావణి మాత్రం నా చెయ్యి పట్టుకుని, "మమ్మీ, నన్ను ప్లేన్ ఎక్కిస్తారా?" అని మెల్లగా అడిగింది.

నాకు కోపం రాలేదు సుమండీ! చదువుకునే చోటు కదా. ముందు అడగడం నేర్పుతారు. చెప్పడం ఆఖరి సంవత్సరంలో ఉంటుందేమో!

నాలుగో రోజు పొద్దున్న రౌండ్స్‌కి పెద్ద డాక్టరు వచ్చారు, వెనకాల పన్నెండు కోట్లు. ఇంగ్లీషులో అడిగారు, ఇంగ్లీషులో చెప్పుకున్నారు. కడుపు మా పిల్లది, కబుర్లు వాళ్ళవి. పక్క మంచం వైపు అడుగు వేయబోతుంటే నేను అడ్డంగా నిలబడ్డాను.

"సాబ్, నాలుగు రోజులుగా అందరూ అడిగారు. అన్నీ చెప్పాను. మా మావగారి ఓడ గురించి కూడా చెప్పాను. ఇప్పుడు నా వంతు. మేరీ బేటీ కో క్యా హువా?"

పెద్ద డాక్టరు చిన్న డాక్టర్ని చూశారు. ఆయన నర్సుని చూశాడు. నర్సు కేస్ షీట్‌ని చూసింది. విద్యార్థులు తమ బూట్లని చూసుకున్నారు. పైన ఫ్యాను కిర్రుమంటోంది. అందరికీ ఒకటే అనుమానం: చెప్పాల్సింది ఎవరు? శ్రావణి దుప్పటి మొహం దాకా లాక్కుంది.

అప్పుడు వెనక వరసలోంచి ఫేబే ముందుకొచ్చి ఆ దుప్పటి మెల్లగా కిందికి సర్దింది. నా వైపు తిరిగింది.

"పిన్నీ, మాదీ ఈ ఊళ్ళోని బ్రూక్షాబాదే," అంది, చక్కని మన తెలుగులో. "కొయ్యక్కర్లేదు, చెన్నై పంపక్కర్లేదు. పేగుల దగ్గర చిన్న గ్రంథులు వాచాయంతే, వాటంతటవే తగ్గిపోతాయి. మొన్న స్కాన్‌లోనే తెలిసిపోయింది కదా... మీకు ఎవరూ చెప్పలేదా?"